నంబరు 65 అంటోంది, నెక్ 66 అంటోంది: ఈ జాజ్ బాస్ అసలు ఏ సంవత్సరానిది?

ముందు మీరు రాసింది ఒకసారి కుదించి చెప్తాను, నేను అర్థం చేసుకున్నది సరేనో కాదో మీకూ తెలుస్తుంది. మీ పెదనాన్నగారు వాయించిన ఫెండర్ జాజ్ బాస్ (నాలుగు తీగల బాస్ గిటార్) మీ చేతికొచ్చింది. సన్‌బర్స్ట్ రంగు (నడుమ లేత, అంచులు ముదురు), తీగల మోతని పట్టే రెండు పికప్‌లు, మూడు నాబ్‌లు, హెడ్‌స్టాక్ (కీలుండే తల) మీద లోగో దాదాపు చెరిగిపోయింది. వెనకాల నెక్ ప్లేట్ (నెక్‌ని బాడీకి బిగించే చోటి లోహపు రేకు) మీద పెద్ద ఎఫ్ అక్షరం, దాని పైన 13తో మొదలయ్యే ఆరంకెల నంబరు. పట్టికలో చూస్తే ఆ నంబరు 1965 అని వచ్చింది. నెక్ విప్పితే మడమ మీద, అంటే బాడీలో కూర్చునే చివర, '7 మార్ 66 ఎ' అని ముద్ర ఉంది, దాన్ని మీరు మార్చి 7 అని చదివారు. ఫ్రెట్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) చుట్టూ తెల్ల బైండింగ్, అంటే అంచు పట్టీ, లోపల మాత్రం గుండ్రటి చుక్కలు. ఎవరో చూసి "పాతవాటికి బైండింగ్ ఉండదు, తర్వాత వాటికి చుక్కలు ఉండవు, నలుచదరం బ్లాకులుంటాయి, కాబట్టి ఇది రెండు మూడు గిటార్లు విప్పి కలిపినది" అని తేల్చేశారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది.

టెన్షన్ పక్కన పెట్టండి. ఆయన తప్పు అన్న ఆ బైండింగూ చుక్కలూ కలిసి ఉండటమే మీ బాస్‌లో ఉన్న గొప్ప విషయం.

ఫెండర్ జాజ్ బాస్ 1960లో వచ్చింది. మొదట్లో రెండు జతల నాబ్‌లు, ఒక్కో జతలో ఒకదాని మీద ఒకటి పేర్చినవి, ప్రతి పికప్‌కీ దాని వాల్యూమూ దాని టోనూ. 1962 వచ్చేసరికి అవి పోయి ఇప్పుడు మనందరికీ తెలిసిన మూడు నాబ్‌లు (రెండు వాల్యూములు, ఒక టోను) వచ్చాయి. నెక్ మాత్రం అలాగే ఉండిపోయింది, రోజ్‌వుడ్ బోర్డు, చుక్కలు, బైండింగ్ లేదు. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొనేసింది, ఆ తర్వాత ఖరీదైన మోడళ్లకు కాస్త హంగు చేద్దామని చూశారు. 1965 చివర్లో జాజ్ బాస్ నెక్‌కి బైండింగ్ వేశారు. 1966 గడుస్తుండగా చుక్కలు తీసేసి బ్లాకులు పెట్టారు. ఈ రెండు మార్పుల మధ్య కొద్ది నెలలే ఉన్నాయి, ఆ నెలల్లో తయారైన వాటికే బైండింగూ చుక్కలూ రెండూ ఉంటాయి. ఫొటోల్లో జనం ఎక్కువగా చూసేది అటు 62–64 నాటివి, లేకపోతే ఇటు 70ల నాటి బ్లాకులవి. మధ్యలోది ఎప్పుడూ చూడనివాళ్లకు ఇది అతుకుల బొంతలా కనిపించడంలో వింత లేదు.

ఇప్పుడు ఆ నంబరు సంగతి. పాత ఫెండర్ల దగ్గర అందరూ చేసే మొదటి పొరపాటు నంబరుతో మొదలుపెట్టడం. నన్నడిగితే దాన్ని ఆఖర్న చూడాలి. ఆ నంబరు నెక్ ప్లేట్ మీద కొట్టింది, ప్లేట్ నాలుగు స్క్రూలతో వచ్చేస్తుంది, పది నిమిషాల్లో ఎవరైనా మార్చెయ్యొచ్చు. అదొక్కటే కాదు, ఫుల్లర్టన్‌లోని ఫెండర్ ఫ్యాక్టరీలో కూడా ప్లేట్లు వరుసగా వాడలేదు. డబ్బాలో చేతికందింది తీసి బిగించేవాళ్లు. డబ్బా అడుగున పడిన ప్లేటు నెలల తర్వాత బయటికి వచ్చేది. అందుకే ఏ పట్టిక చూసినా ఒక ఏడాది నంబర్లు పక్క ఏడాదిలోకి దొర్లి ఉంటాయి. మీ ఎఫ్ ప్లేట్ 65లో మొదలైన వరస, 13తో మొదలయ్యే నంబరు 66 వసంతకాలపు బాస్ మీద ఉండటం మామూలే. ప్లేట్ 65, నెక్ 66 అంటే గొడవేమీ లేదు.

నెక్ ముద్ర చదవడంలో కూడా మీరొక చిన్న పొరపాటు పడ్డారు, ఇది మీ ఒక్కరిదే కాదు, దాదాపు అందరిదీ. '7 మార్ 66' అంటే మార్చి 7వ తేదీ కాదు. ముందున్న 7 మోడల్ కోడ్, జాజ్ బాస్ నెక్‌కి అదే వేసేవాళ్లు, ఫెండర్‌దే ఇంకో మోడల్, ప్రెసిషన్ బాస్‌కి 5. మీరు చదివినట్టే చదివితే జాజ్ బాస్ నెక్‌లన్నీ ఏడో తారీఖునే పుట్టి ఉండాలి, మిగతా నెలంతా కార్మికులు సెలవు తీసుకుని ఉండాలి! నెలా సంవత్సరమే తేదీ. చివర్న ఉన్న ఎ నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే గాడుల ముక్క) దగ్గర నెక్ వెడల్పు: ఎ అంటే ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. సి అంటే అంగుళం ముప్పావు, అది ప్రెసిషన్ వెడల్పు. నట్ దగ్గర స్కేలు పెట్టి కొలిచి చూడండి. ముద్రలో ఎ ఉండి కొలత 38 దగ్గరికి వస్తే ముద్రా చెక్కా ఒకే మాట చెప్తున్నట్టు.

ఆ ముద్ర నిజమైనదేనా అన్నది ఇంకో ప్రశ్న. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. చాలా ఏళ్ల కిందట, అప్పటికే రిపేర్లలో చెయ్యి తిరిగిందనుకునే రోజుల్లో, ఒకాయన దగ్గర 63 ప్రెసిషన్ అని ఒకటి కొన్నాను. ప్లేట్ నంబరు సరిపోయింది, పట్టిక చూసుకుని మురిసిపోయాను. నెక్ విప్పితే మడమ మీద పెన్సిల్‌తో నీటుగా '8-63' అని రాసి ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆరునెలలు వాయించాక ఒక రాత్రి ఏదో చదువుతుంటే అప్పుడు తట్టింది: ఫెండర్‌లో పెన్సిల్ తేదీలు 1962 మార్చితో ఆగిపోయాయి, అక్కణ్నుంచి రబ్బరు ముద్రే. 63 ఆగస్టులో పెన్సిల్ పట్టుకున్నవాడు ఫ్యాక్టరీ మనిషి అయ్యుండడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ విప్పి చూస్తే ఆ రాత కింద చెక్క చుట్టుపక్కల కంటే ఒక ఛాయ తెల్లగా, ఉప్పుకాగితంతో రుద్దినట్టు ఉంది. మొదటిరోజు కూడా అది అలాగే ఉండి ఉంటుంది, నేను అంకెలు చూశాను గానీ చెక్క చూడలేదు. బాడీ నిజంగానే 60ల నాటిది, నెక్ ఎక్కడిదో. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, బాగానే మోగుతుంది.

కాబట్టి మీ నెక్ మడమని పగటి వెలుతురులో చూడండి. ముద్ర సిరా చెక్క నరాల్లోకి కాస్త పాకి, అంచులు మసకబారి ఉండాలి. చెక్క రంగు మడమ అంతా ఒకేలా, పాత తేనె రంగులో ఉండాలి. ముద్ర చుట్టూ మాత్రమే శుభ్రంగా ఉంటే అనుమానించాలి. అదే చోట బోర్డు అంచు కూడా చూడండి, అంటే నెక్ చివర్లో రోజ్‌వుడ్డూ మేపులూ కలిసే గీత. 1962 మధ్య దాకా ఆ గీత తిన్నగా ఉంటుంది, మందపాటి రోజ్‌వుడ్ పలకని చదునైన మేపుల్ మీద అతికించేవాళ్లు. ఆ తర్వాత మేపుల్ పైభాగాన్ని విల్లులా వంపు తిప్పి, దాని మీద పలచటి రోజ్‌వుడ్ పొర వేశారు. మీది 66 అయితే ఆ గీత వంగి ఉండాల్సిందే. తిన్నగా ఉందంటే నాకు ముందు ఆ ఫొటో పంపండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

బైండింగ్ తర్వాత ఎవరో వేసింది కాదని ఎలా తెలుస్తుందంటే, నెక్ పక్కనుండే చిన్న చుక్కలు చూడండి, వాయించేవాడికి కనపడేవి. బైండింగ్ ఫ్యాక్టరీదైతే అవి తెల్ల బైండింగ్‌లోనే నల్లగా ఉంటాయి. తర్వాత అతికించినదైతే అక్కడ ఏదో ఒక కక్కుర్తి కనపడుతుంది, చుక్కలు లేకపోవడమో, రెండుసార్లు ఉండటమో, నెక్ వెడల్పు తేడా రావడమో.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటుకి వద్దాం, పాట్‌లు, అంటే నాబ్‌ల కింద ఉండి వాల్యూమూ టోనూ మార్చే భాగాలు. జాజ్ బాస్‌తో ఒక సుఖం ఉంది, నాబ్‌లన్నీ విడిగా ఒక క్రోమ్ ప్లేట్ మీద ఉంటాయి, దాని స్క్రూలు తీస్తే మొత్తం సరంజామా చేతిలోకి వస్తుంది, పిక్‌గార్డ్ (బాడీ మీది రక్షణ పలక) జోలికి వెళ్లక్కర్లేదు. వెళ్లకండి కూడా. ఆ కాలపు తాబేటి డిప్ప డిజైన్ పిక్‌గార్డ్ సెల్యులాయిడ్‌ది, ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, స్క్రూ బెజ్జం దగ్గర బిగుతుగా లాగి పట్టుకుని ఉంటుంది, తీసి మళ్లీ పెట్టేటప్పుడు మూల టక్కున విరుగుతుంది. అలా విరగ్గొట్టినవాళ్లని చూశాను, ఆ ముఖాలు మర్చిపోలేను.

మీరు పంపిన పాట్ ఫొటోల్లో రెండు వాల్యూమ్ పాట్‌ల మీద 304 6548 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు: 304 అంటే స్టాక్‌పోల్, 137 అంటే సీటీఎస్. తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. అంటే స్టాక్‌పోల్ వాళ్లు 1965లో 48వ వారం, నవంబరు చివర చేసిన పాట్‌లు. 50ల నాటి పాట్‌ల మీద సంవత్సరానికి ఒకే అంకె ఉంటుంది, అక్కడ తడబడకూడదు. నవంబరులో తయారైన పాట్ మార్చి నాటి నెక్ ఉన్న బాస్‌లోకి చేరడం చక్కగా కుదిరింది, మధ్యలో రవాణా, గోడౌను, అన్నీ ఉంటాయి కదా.

కానీ మూడోది, టోన్ పాట్, 137 7218. అంటే సీటీఎస్, 1972, మే నెల మొదట్లో. మీకు ఆయన "అతికించినది" అని చెప్పడానికి ఇది కూడా ఒక కారణమని రాశారు. ఇక్కడే కాస్త ఆలోచించాలి. సూత్రం ఏమిటంటే, బాస్ దానిలో ఉన్న అన్నింటికంటే కొత్త భాగం కంటే ముందు బిగించి ఉండటం సాధ్యం కాదు. కానీ ఆ భాగం మొదటినుంచీ అక్కడే ఉందని ముందు తేల్చుకున్నాకే ఆ సూత్రం పని చేస్తుంది. సోల్డర్ చూడండి. మీ ఫొటోలోనే తెలుస్తోంది: రెండు వాల్యూమ్ పాట్‌ల మీద సోల్డర్ బూడిద రంగులో మొద్దుబారి, వెడల్పుగా, నింపాదిగా పరుచుకుని ఉంది, వైర్లు గుడ్డ తొడుగువి. టోన్ పాట్ వెనక మాత్రం సోల్డర్ ముద్దలా, ఇంకా మెరుస్తూ ఉంది, ఒక వైరు ప్లాస్టిక్ తొడుగుది. 60ల చివరి దాకా ఫెండర్ గుడ్డ వైరే వాడింది. కాబట్టి జరిగింది ఇంతే, 72లోనో ఆ తర్వాతో టోన్ పాట్ గరగరమంటుంటే ఎవరో మార్చారు. మీ పెదనాన్నగారే మార్చి ఉండొచ్చు. పని చేసే వాద్యానికి ఇలాంటివి జరుగుతాయి, ఒక రిపేరు తప్ప ఇంకేం కాదు.

పాట్‌లు చూసి 1966 అని కనిపిస్తే ఎగిరి గంతెయ్యకూడదని కూడా చెప్పాలి, మీకు కాదు గానీ ఇది చదివే మిగతావాళ్లకి. 1966లో ఫెండర్ సీటీఎస్ పాట్‌లు కుప్పలు తెప్పలుగా కొని పెట్టుకుంది, ఆ నిల్వ 69 దాకా వచ్చింది. 66 పాట్‌లున్న 68 బాస్‌లు బోలెడు. పాట్ "ఇంతకంటే ముందు కాదు" అని మాత్రమే చెప్తుంది, "ఇదే" అని ఎప్పుడూ చెప్పదు.

కోడ్ కనపడకపోతే దానిమీద సోల్డర్ పడి ఉంటుంది. కరిగించి చూడాలని మనసు లాగుతుంది, వద్దు. టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, ఫోన్‌తో నాలుగు కోణాల్లో ఫొటోలు తీయండి, రెండంకెలు ఒక దాంట్లో, మూడు ఇంకో దాంట్లో దొరుకుతాయి. కదపని సోల్డర్ ఈ మొత్తం గిటార్‌లో దొంగ పని చెయ్యడానికి అన్నింటికంటే కష్టమైనది. పాత పాట్‌లు కొనుక్కురావచ్చు, పాత ప్లేట్ తేవచ్చు, అరవై ఏళ్ల కిందట ఒక్కసారి కరిగి మళ్లీ ముట్టుకోని సోల్డర్ మాత్రం తేలేరు.

మిగతావి గబగబా. మీ ట్యూనింగ్ కీలు పుల్ల ఐస్‌లా గుండ్రంగా, కోలగా ఉన్నాయి, 1966 ప్రాంతంలో పాత క్లూసన్ కంపెనీ కీల స్థానంలో వచ్చినవి అవే, సరిపోయింది. నెక్ ప్లేట్‌కి నాలుగు స్క్రూలు, అదీ సరే, జాజ్ బాస్‌కి మూడు స్క్రూలు వచ్చింది 70ల మధ్యలో. బరువు గురించి అడిగారు, బరువుతో ఏదీ తేలదు. పికప్ రెసిస్టెన్స్ మీటర్‌తో కొలిచామన్నారు, అది పికప్ బతికుందో లేదో చెప్తుంది, పుట్టిన తేదీ చెప్పదు.

ఒకటి మాత్రం కొలవండి. రెండు పికప్‌ల నడిమి గీతల మధ్య దూరం. 60ల జాజ్ బాస్‌లో అది 3.6 అంగుళాలు, దాదాపు 91 మిల్లీమీటర్లు. 70ల మొదట్లో బ్రిడ్జి (తీగలు బాడీ మీద ఆనే చోటు) దగ్గరి పికప్‌ని ఇంకాస్త వెనక్కి జరిపారు, అప్పట్నుంచి 4 అంగుళాలు, అంటే 101 పైన. బాడీ వయసు తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు, పైగా స్క్రూ ఒక్కటి కూడా విప్పక్కర్లేదు. మీకు 101 వస్తే నెక్ 66 అయినా బాడీ 70లది అన్నమాట, అప్పుడు ఆయన మాటే నిజమవుతుంది. 91 వస్తే ఆయనకి ఈ జవాబు చూపించండి.

రంగు అసలుదేనా అన్నదానికి చీకటి గదిలో యూవీ టార్చ్ వెయ్యండి. వయసు మీరిన నైట్రో లక్కర్ (ఆ కాలపు నైట్రోసెల్యులోజ్ పూత) పచ్చా పసుపూ కలిసిన వెలుగునిస్తుంది. తర్వాత పూసిన చోట్లు దాని మధ్య ముదురు మరకల్లా కనిపిస్తాయి. 1968 నుంచి ఫెండర్ మందపాటి పాలియెస్టర్‌కి మారింది, దాని తీరు వేరు, పెచ్చులుగా ఊడుతుంది. నైట్రో అయితే చెయ్యి ఆనే చోట నెమ్మదిగా అరిగి చెక్క బయటపడుతుంది. మీ బాస్‌కి మోచెయ్యి ఆనే చోట అరుగుదల మెత్తగా అంచుల్లేకుండా ఉంది, ఎవరో గీకినట్టు లేదు, నాకు నచ్చింది.

నెక్ మళ్లీ విప్పాల్సి వస్తే (గీత చూడ్డానికి ఎలాగూ విప్పుతారు) ఇలా చెయ్యండి. తీగలు నాలుగూ కొంచెం కొంచెంగా వదులు చెయ్యండి, ఒక్కసారే కోసెయ్యొద్దు. స్క్రూ తలకి సరిగ్గా కూర్చునే బిట్ వాడండి, మోటారు డ్రైవర్ దగ్గరికి కూడా తేవద్దు. పాకెట్‌లో, అంటే నెక్ కూర్చునే గుంటలో, చిన్న ఫైబర్ ముక్క ఉంటే అది చెత్త కాదు, నెక్ కోణం కోసం పెట్టిన షిమ్, ఎక్కడుందో ఫొటో తీసి అక్కడే వదిలెయ్యండి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూని బెజ్జంలో పెట్టి ముందు ఎడమకి, అంటే విప్పే వైపుకి, మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్న టిక్ మని కిందికి దిగుతుంది. అది పాత మరలో కూర్చున్న చప్పుడు. అక్కణ్నుంచి కుడికి తిప్పి బిగించండి. ఇలా చెయ్యకుండా నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుంటూ పోతుంది, నాలుగుసార్లకి బెజ్జం వదులైపోతుంది.

మీరు చివర్న ఒక లైనులో, మీ స్నేహితుడి దగ్గర లోగో లేని ఇంకో పాత బాస్ ఉందని, దానికీ ఇదే పద్ధతా అని అడిగారు. కాదు. ఈ వివరాలు ఫెండర్‌వి. వేరేది అయితే ముందు స్కేల్, అంటే మోగే తీగ పొడవు, కొలవండి, నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చెయ్యండి. 34 అంగుళాలైతే ఫెండర్ దారిలోది, 30 చిల్లర అయితే గిబ్సన్ ఈబీ రకమో హోఫ్నర్ రకమో, 33 పావు అయితే రికెన్‌బాకర్ కావచ్చు. రికెన్‌బాకర్ అయితే మీ అదృష్టం, 1961 నుంచి 86 దాకా కేబుల్ గుచ్చే జాక్ ప్లేట్ మీద రెండు అక్షరాలుంటాయి, మొదటిది సంవత్సరం, ఎ అంటే 61, రెండోది నెల. ఎమ్ కె అంటే 1973 నవంబరు. గిబ్సన్ అయితే దురదృష్టం, 60లలో వాళ్లు ఒకే నంబర్లని మళ్లీ మళ్లీ కొట్టారు, నంబరుతో ఏమీ తేలదు, హెడ్‌స్టాక్ వెనక 'మేడ్ ఇన్ యూఎస్ఏ' అని చెక్కలోకి కొట్టి ఉంటే 70 లేదా ఆ తర్వాతది అనుకోండి. 70ల మధ్య తర్వాతి ఇబానెజ్ అయితే ముందు అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. వాటిలో ఏదీ కాకపోతే ఫొటోలతో విడిగా అడగమనండి, దాని గురించి విడిగా రాస్తాను.

నా లెక్క ప్రకారం మీది 1966 వసంతం లేదా వేసవి మొదట్లో బిగించిన జాజ్ బాస్, టోన్ పాట్ ఒక్కటి తర్వాత మార్చింది. పికప్ దూరం, మడమ గీత, ఈ రెండూ చూసి చెప్తే ఆ 'నా లెక్క' అన్న మాట కూడా తీసేస్తాను.

హెడ్‌స్టాక్ మీద కొత్త లోగో స్టిక్కర్ అంటించమని షాపులో సలహా ఇచ్చారన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ రోజుల్లో లోగోని రంగు మీద అంటించేవాళ్లు, పైన లక్కర్ పూత ఉండేది కాదు, అందుకే తుడిచి తుడిచి చెరిగిపోయింది, 66 బాస్‌కి అలా అవడం సహజం. కొత్తది అంటిస్తే రేపు చూసేవాడికి మొదటి అనుమానం అక్కడే మొదలవుతుంది. గది లైట్లు తీసేసి టార్చ్‌ని హెడ్‌స్టాక్ పక్కనుంచి దాదాపు పడుకోబెట్టి వెయ్యండి. స్టిక్కర్ ఉన్నంత మేర లక్కర్ కింద చెక్క ఒక ఛాయ లేతగా ఉండిపోయి ఉంటుంది, పెద్ద ఎఫ్ తోక దాకా కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.